గత రెండు వారాలుగా

రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.
ఇంగ్లిషులో అది ఒక్క చిన్న మాట, డౌన్.
"కుంగిపోయినట్టు" అని రాశాను నేను.
అసలు కాగితం చూడని హేమలత గారు
తార్నాకలో కూర్చుని దాన్ని వెనక్కి తిప్పితే
గోడ కుంగినట్టు, పునాది కుంగినట్టు వచ్చింది.
"ఇంజినీరును పిలవాలేమో" అని ఫోన్లో నవ్వింది.

దిగులు సాయంత్రానికి పోతుందన్నారు.
బెంగపడాలంటే ఎవరో ఒకరు ఊళ్లో లేకుండా ఉండాలి.
విచారం, మంత్రులు పేపర్లో వ్యక్తం చేసేది.
నిస్పృహ కమిటీలో అందరికీ నచ్చింది,
బోరబండలో ఒక్కరికీ అందలేదు.

బస్తీ దవాఖానాలో, ఎగిరే కాగితాల మీద
సూదుల డబ్బా బరువు పెట్టి
బాల్‌నర్సమ్మను అడిగాను:
గత రెండు వారాలుగా...
"వారాలు నాకేం ఎరుక బిడ్డా,
అడ్డ మీద పని దొరికిన దినాలు, దొరకని దినాలు.
గవి అడుగు."
మనసు కుంగినట్టు ఉంటుందా?
"మనసా? పానం గుంజుతది. ఒకటే రంది.
బువ్వ ముందట వెట్టుకుంటే
అది నన్ను జూస్తది, నేను దాన్ని జూస్త."

నా కాగితంలో దానికి గడి లేదు.
సున్నా, ఒకటి, రెండు, మూడు.
మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్నాను: రంది.

తొమ్మిదోది అడిగేముందు ఎప్పుడూ గొంతు సవరించుకుంటాను.
నల్లా రాకపోతే "సావన్న రాదాయె" అంటారిక్కడ,
బస్సు తప్పితే అంటారు,
పాలు పొంగిపోయినా అంటారు.
ఏది మాటవరసకో ఏది కాదో
ఏ గడిలో వెయ్యను?
ఆమె కొంగు అంచు పోగులు
చాలాసేపు లెక్కపెట్టింది.
"మాటవరసకు అన్న దినాలే మంచిగుండె."

కాగితం బోర్లించి డాక్టరమ్మను పిలిచాను.

రెండు వారాలకు మళ్లీ అవే ప్రశ్నలు,
జవాబు నిలకడగా ఉందో లేదో చూడ్డానికి.
"మల్ల గవే అడుగుతవా?
ఆ దినం నువ్వడిగినంక ఇంటికి వొయ్యి
మా చెల్లెకు జెప్పిన. ఇన్నేండ్లకు."
పద్దెనిమిది పదకొండయింది.

ఫణీంద్ర లెక్క చెడింది.
తాకగానే మారిపోయేదాన్ని కొలత అనరు,
ఈ వరస తీసేద్దాం అన్నాడు.
నియమం అతని వైపే ఉంది.
తీసేశాను.

మెట్రోలో తిరిగొస్తూ రెండో ప్రశ్న మళ్లీ రాశాను, రందితో.
బెజవాడలో పనికిరాదంటారు.
పనికిరాదు. వాళ్ల మాట వాళ్లనే అడగాలి.

ఎదుటి సీట్లో ఒకాయన
ఒళ్లో టిఫిన్ డబ్బా, మూత తియ్యలేదు.
తదుపరి స్టేషన్ ఎర్రగడ్డ అనగానే
కాలేజీ పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వారు.
డబ్బా బరువుగానే ఉన్నట్టుంది,
రెండు చేతులతో పట్టుకుని దిగాడాయన.