రెట్ట కొలత

గుంతకల్లు రైల్వే క్వార్టర్ల వెనక సందులో
నాది ఒక మిషను, ఒక టేపు, ఒక కొలతల పుస్తకం.
ఊర్లో సగం మంది ఆడోళ్ళ భుజాలు నాకు తెలుసు,
మొహాలు మరిచిపోయినా.

నా కూతురు తాహెరా రెట్ట మొదట రాసినప్పుడు ఏడున్నర.
ఆరో తరగతి యూనిఫారానికి.
పట్టుకుంటే
దారం అయిపోయిన రీలు మాదిరి ఉండె.

ఆ ఏడే కుళ్ళాయప్ప సారు
పాత గోడౌన్లో దూలానికి రెండు కొయ్య రింగులు కట్టినాడు,
అడ్డంగా ఒక ఇనుప కమ్మీ బిగించినాడు,
కింద ఎవరో పారేసిన బొంత పరుపులు.
నెల రోజులు పిల్లతో ఒకటే పని:
వేలాడు.
పైకి పోవద్దు, లాగొద్దు, ఊరికే వేలాడు.
ఇంటికొచ్చి ముద్ద నోటిదాకా ఎత్తలేక ఏడిస్తే
నేనే కలిపి తినిపిస్తి.

ఇదేం చదువు సార్ అని అడుగుదామని పోతే
ఆయప్పే నన్నడిగె:
"జాకెట్టు యాడ చినుగుతాదమ్మా?"
చంక కాడ, అంటి.
గుడ్డకేమీ కాదు సార్, కుట్టే విడిపోతాది.
"కండ గుడ్డ, కీలు కుట్టు.
గుడ్డ ఆరు నెల్లకే వచ్చేస్తాది,
కుట్టుకు నిదానం కావల్ల."
డబల్ కుట్టు సంగతి నాకొకరు చెప్పాల్నా?
నోరు మూసుకోని ఇంటికొస్తి.

తర్వాత దిగేది నేర్పినాడు.
స్టూలెక్కి, గడ్డం కమ్మీ మీదికి పెట్టుకోని,
పది లెక్కపెట్టేదాకా కిందికి రావల్ల.
ఎక్కేటోళ్ళను ఊరంతా చూస్తాది గానీ
బలం దిగేటప్పుడే పుడతాదంట,
మెల్లగా, పళ్ళు బిగబట్టి, ఎవరూ చూడనప్పుడు.
మూడుకు జారె. ఆరుకు జారె.
తొమ్మిది కాడ ఇరవై దినాలు నిలిచిపోయె.
ఒక సాయంత్రం బళ్ళారి ప్యాసింజరు కూతేస్తాంటే
స్టూలు లేకుండానే పైకి పోయిందంట.
నేను చూడలే.
ఆ పొద్దు ఉరుసు జాకెట్లు ముప్పై ఉండె.

ఎనిమిది.
ఎనిమిదిన్నర.
తొమ్మిదింబావు.
నా దగ్గర గుడ్డ మీద గీసే సుద్ద,
దాని దగ్గర అరచేతులకు పూసే సుద్ద.
వేళ్ళ మొదట్లో కాయలు కాసినాయి,
నా కత్తెర వేలికున్నట్టే, కాకుంటే ఎనిమిది.
రాత్రిళ్ళు గోడకు మడమలానించి
చేతుల మీద తలకిందులుగా నిలబడి
నేను పారేసుకున్న గుండుసూదులు చూపిస్తాది:
"అమ్మా, మిషను పెడలు కింద రెండు. మంచం కోడు కాడ ఒకటి."
మోసేది దాని బరువే, ఇంకొకరిది కాదు.
ఈ సందులో ఆ మాట అనగలిగిన ఆడమనిషి
ఇంకెవరన్నా ఉండారా అని
పొద్దు మునిగేదాకా కాజాలు కుడుతా ఆలోచిస్తి.

ఎదురింటి వెంకటలచ్చుమ్మ
కొలతల పుస్తకం తిప్పి చూసె.
"ఆడపిల్లకు ఇంత రెట్ట ఏంటికే?"
"మడత లోపల ఇంకో అంగుళం వదిలినాలే అక్కా," అంటి.
ఆమెకు అర్థం కాలే.
నాకూ సగమే అయింది.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
తాహెరా నా మెళ్ళో టేపు లాక్కోని
సెల్‌ఫోను లైటులో నా చెయ్యి పట్టుకునె.
ఎడమది పదిన్నర.
కుడిది పదకొండు.
"ఇదెట్ల మా? కుడిది ఎక్కువుంది!"
పద్దెనిమిదేండ్లు, బొగ్గుల ఇస్త్రీపెట్టె, అంటి.
ఎత్తేది, రుద్దేది, ఎత్తేది.
సారుంటే
"ఎడమ చేతికీ పెట్టల్లమ్మా, సమానం రావల్ల" అనేటోడేమో.

అది నవ్వలే.
ఇన్నేండ్లలో నా పుస్తకంలో నా పేరు లేదు,
వెతికి వెతికి
దాని పేరు కిందనే రాసె.
అంగుళాలు రాసె, రెండు చేతులవీ.
బాకీ అనే గడిలో మాత్రం
పెన్సిలు పెట్టి,
కాసేపు ఆగి,
తీసేసె.