మూడు మూరల ముక్క

కొత్తవాడల మా తివాచీ మగ్గం ముందు
ఏడుగురు కూసునే పీట.
ఊపిరిజ్వరం పోయినంక నలుగురమే మిగిలినం.
నలుగురంటే, నన్ను లెక్కవెట్టకుంట.
నాకప్పుడు తొమ్మిదేండ్లు,
ముడి ముడికీ మిగిలిన కొసలు కోసుడు నా పని.

జంగు ఆగిందని
ఖాజీపేట టేషన్ కాడ మిఠాయి పంచిండ్రు.
మా అన్న ఓదెలు
కంచరగాడిదల ఎంట బస్రా పోయినోడు
మిఠాయి అయిపోయినా రాలే.

రాలేగని, కార్ఖానకు ఒక కాయితం అచ్చింది.
మున్షీ నిలవడి సదివిండు:
సముద్రాల అవతల ఏదో కోటల
రాజ్యాలన్నీ కూసుండి రాజీ రాసుకుంటయట.
బల్ల కింద పరిచేటందుకు తివాచీ గావాలె.
ముప్పై రెండు కుర్చీల కాళ్లు
దాని మీదనే ఆనాలె.

"అండ్ల మా ఓదెలు ముచ్చట ఏమన్న ఉన్నదా?"
అవ్వ అడిగింది.
మున్షీ కాయితం తిరగేసి చూసిండు,
పాపం, నిజంగనే చూసిండు.
"ఇది తివాచీ సంగతి, అవ్వా."

దస్తగీరు ఉస్తాదు నక్షా చూసుకుంట రంగులు పిలుస్తడు.
"రెండు లక్కెరుపు, ఒకటి నీలి."
"అయింది."
"మల్ల మూడు ఎరుపు."
"అయింది."
పొద్దు పొడిచిన సంది దీపాల యాల్ల దాక గదే మాట.
రాజ్యాలు మాట్లాడుకునుడు గూడ
గిట్లనే ఉంటదనుకున్న నేను.

ఒక దినం ఉస్తాదు నమాజుకు లేచినప్పుడు
ఓదెలు పాత రుమాలుల నుంచి ఒక దారం గుంజి
ఎర్రపువ్వు నడుమ ముడేసింది అవ్వ.
ఉన్నిల నూలు. తెల్లది, మాసింది.
"పెద్ద కుర్చీ గీడనే పడ్తది,
సంతకం పెట్టేటోని కాలికి తాకాలె."
ఉస్తాదు అచ్చి చూసిండు.
నక్షాల లేని రంగది.
పిలువలే. తియ్యుమని అనలే.

ఎనిమిది నెలలకు తంతి అచ్చింది.
ఓడిన రాజ్యాలను బల్ల కాడికి పిలుస్తలేరట.
కుర్చీలు తగ్గినయి.
ఒక కొస మూడు మూరలు కోసి పంపుమన్నరు.

ఉస్తాదు చానాసేపు గడ్డం సవరించుకున్నడు.
"మగ్గం మీద అంచే ముందు పుడ్తది.
నడిమిట్ల కోసి, ఇదే అంచు అంటే ఇంటదా?
సరే, కుడ్తం.
కుట్టు పదేండ్లు ఆగుతది. మా అంటే ఇరవై."
మున్షీ జవాబుల ఈ మాట రాయలే.

కోసింది నేనే.
కత్తి చిన్నది, నా చెయ్యి అంతకన్న చిన్నది.
ముడులు ఒక్కొక్కటే వదులుకున్నయి
జ్వరమచ్చినోళ్ల పట్టు లెక్క.

తివాచీని గోనెల చుట్టి బండెక్కించిండ్రు.
తెగిన ముక్క, అసలు అంచుతోటి,
ఆ నెల కూలీ కింద మాకిచ్చిండ్రు.
రాత్రి దీపం కింద అవ్వ
దాన్ని ఏళ్లతోటి తడిమి తడిమి ఎదికింది.
తెల్ల ముడి దొరికింది.
ఏడ్వలే.
"ఈన్నే ఉన్నడు" అన్నది.

అవ్వ పోయింది. ఉస్తాదు పోయిండు.
ఆజంజాహి మిల్లుల నేను కండెలు చుట్టవట్టిన.
ఒకనాడు కొత్త ఆర్డరు: ఖాకీ, ఎంత నేస్తే అంత.
యేండ్లు ఏళ్ల మీద లెక్కవెట్టిన,
ఉస్తాదు మాటకు ఒక్కటే తక్కువ పడ్డది.

ఇప్పుడు మల్ల జంగు ఆగిందట.
ఖాకీ సాంచెలు సగం బందువెట్టిండ్రు,
గేటు కాడ మనుషులు బీడీలు తాగుకుంట నిలవడ్డరు.
పేపరు సదివే రామస్వామి అంటున్నడు:
"ఈసారి యాభై రాజ్యాలు, అక్కా! ఇంక జంగే ఉండదు."

మంచిదే బిడ్డా. గంతకంటె ఏం గావాలె.
గని ఒక్కటి చూసి చెప్పు,
ఓడినోళ్లకు కుర్చీ ఏసిండ్రా?

పేపరు తిరగేసిండు. మల్ల తిరగేసిండు.

ముక్క ఇంట్లనే ఉన్నది, దూలం మీద.
ఒక మూలకు ఎలుకలు కొరికినయి.
నా కత్తికి తుప్పు పట్టింది గని
కోసుడు మర్వలే చెయ్యి.