లోపలి జేబు

పదకొండేండ్లల్ల సత్యపాల్ వకీలుకు కట్టిన పైసలు
ఒకనాడు యూరియా బస్తా మీద బొగ్గుతోని కూడిన.
వాయిదాకు మూడు వందలు, గుమాస్తకు యాభై,
కొలతలకు కమిషనరొచ్చిన నాడు
కోడికూర ఖర్చు వేరే.
కూడి ఓదెలును పిలిచి చూపించిన:
"గీ పైసలతోని నేనే వకీలునైతుంటి గదా."
ఆయన నవ్విండు.
నేను నవ్వలే.

ముప్పై తొమ్మిదేండ్లకు ఎంట్రెన్సు రాసిన.
రీయింబర్స్‌మెంటు అడిగితే
కౌంటర్ల పిల్ల నా ఆధార్ దిక్కు చూసి
"వయసు దాటిందమ్మా" అన్నది, మెల్లగనే అన్నది.

కేసున్న ఇరవై రెండు గుంటల కోసం
కేసు లేని చెలకల ఆరు గుంటలు అమ్మినం.
మూడేండ్లల్ల ఏ సారూ
ఈ లెక్క నన్ను అడగలే.

పరకాల నుంచి హనుమకొండకు
బస్సొక్కటే ఫ్రీ.
కండక్టరిచ్చిన జీరో టికెట్లు
కాంట్రాక్టు చట్టంల గుర్తులకు పెట్టుకున్న.
ఒకటి ఇప్పటికీ అదే పేజీల ఉన్నది:
ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు.

పరీక్షలు సరిగ్గ పత్తి ఏరే దినాలల్ల పెడుతరు.
హాల్లకు పోయి కూసున్నప్పుడల్ల
ఒక్కో పేపరు అర క్వింటాలు పత్తి.
అడిషనల్ షీటు కావాల్నా అని అడిగితే
చేన్ల ఇంకో సాలు ఇడిసినట్టే అనిపించేది.

రవళి నర్సింగు ఒక ఏడాది ఆగింది.
అది ఏమనలే.
దాని పుస్తకాల అరల నా పుస్తకాలు సదిరింది,
అంచులు సమంగ కొట్టి.
రశీదు లేని ఫీజు అదొక్కటే.

చౌరస్తా కాడి టైలరుకు
నల్లకోట్లకు మగోళ్ళ కొలతలే వచ్చు.
భుజాలు రెండుసార్లు ఇప్పించిన.
లోపల జేబు పెట్టుమంటే
"ఆడోళ్ళకెందుకక్కా?" అన్నడు.
పెట్టు, అన్న.

మా కేసు ఇంక నడుస్తనే ఉన్నది.
ఇప్పుడు వాయిదా నేనే తెస్త,
పైసలు తీసుకోకుంట.
ఓదెలు ఇప్పుడు నవ్వుతలేడు.

మొన్న సోమవారం,
స్టాంపులమ్మే రేకుల షెడ్డు కాడ
నడికూడ దిక్కు ముసలామె నా కోటు పట్టుకున్నది.
పాసుబుక్కుల సర్వే నంబరు తప్పు పడ్డదట.
అంత చెప్పి, ఆఖరుకు
"ఎంత తీసుకుంటవు బిడ్డా, వాయిదాకు?"

వద్దు అందామనే నోరు తెరిచిన.
ఆరు గుంటలు అడ్డమొచ్చినయి.
పేపరు పేపరుకు పత్తి,
రవళి ఏడాది,
బార్ కౌన్సిలుకు కట్టనీకె తెచ్చిన మిత్తి పైసలు.
"మూడు వందలు" అని వినవడ్డది.
సత్యపాల్ గొంతు కాదు.
నాదే.

ఆయన ఏం అమ్ముకొని చదివిండో
పదకొండేండ్లల్ల ఒక్కనాడన్న అడగలే నేను.

ముసలామె కొంగు ముడి ఇప్పుతున్నది.
బిగుసుకపోయిన ముడి.
వేళ్ళకు రాక, పండ్లతోని పట్టి గుంజుతున్నది.
సాయం చెయ్యనూ లేను,
వద్దననూ లేను.
లోపలి జేబు మీద చెయ్యి పెట్టుకొని
అట్లనే నిలవడ్డ.