అరువు మెలకువ

ఫారో దీవుల్లో, క్లాక్స్‌విక్ రేవు వెనక
ఉన్ని అల్లే షెడ్డు.
పాతికేళ్ళ కంప్యూటరు
మూడు రోజులుగా ఒకే మాట:
సిస్టమ్ దొరకలేదు.

సున్‌వా దాని నెత్తిన ఒకటి వేసింది
మొండి గొర్రెను అదిలించినట్టు.
లోపల డిస్కు టక్, టక్‌మంది,
తలుపుకవతల ఎవరో చీకట్లో
గడియ తడుముకుంటున్నట్టు.

బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.
దాని లెక్కలో ఇవాళ
పందొమ్మిదివందల ఎనభై, జనవరి ఒకటి.
ఎన్నిసార్లు లేపినా ఆ తెల్లవారే.

హోగ్ని పడవ ఇంజన్లు బాగుచేస్తాడు.
తిడితే పలికేది ఏదైనా ఇంజనే అంటాడు.
తాళాల గుత్తిలో చేపల కత్తి పక్కన వేలాడే
పెన్‌డ్రైవు తీసి గుచ్చాడు.
కన్నం ఉంది, పలకరింపు లేదు.
అది పుట్టేనాటికి
ఈ చుట్టరికం ఇంకా కలవలేదు.

సున్‌వా బొత్తాల డబ్బా బోర్లించింది.
సూదులు, మైనం, తెగిన జిప్పు,
అడుగున ఒక నీలం ఫ్లాపీ.
లేబులు మీద: ఖాళీ. పారేయొద్దు.

బడి లైబ్రరీలో ఇంకా ఒక ఫ్లాపీ డ్రైవు బతికుందట.
హోగ్ని దాన్ని స్వెట్టరులో దాచుకుని
వానలో వెళ్ళి, వానలోనే వచ్చాడు,
చిన్న ప్రోగ్రామొకటి రాయించుకుని.
దానికి వచ్చింది ఒకే పని:
తను లేవడం,
పక్క తలుపు ఎక్కడో చూపించడం.

వరస మార్చాం. ముందు ఫ్లాపీ, తర్వాతే డిస్కు.
గర్‌మని గొంతు సవరించుకుంది.
చాలాసేపు ఏమీ లేదు.
హోగ్ని కాఫీ చల్లారిపోయింది.
తర్వాత నల్లటి తెర మీద
తెల్లటి వరసలు, ఉరుకులు పరుగులు.
ఇంటివాడు లేవకుండానే
ఇంట్లో దీపం వెలిగింది.

డిస్కులో మూడొందల అల్లికలు.
అన్నీ జనవరి ఒకటినే పుట్టాయి.
వాటిలో ఒకటి మార్యున్‌ది,
నక్షత్రాలూ, అలలూ,
రెండొందల పన్నెండో వరసలో
అల సగంలో ఆగింది.
ఎందుకు ఆపిందో, ఏ ఏడాదో
చెప్పే తేదీ లేదు.
మార్యున్‌ను అడుగుదామంటే
ఆమె పోయి ఆరేళ్ళు.

పూర్తి చేద్దామా అన్నాను.
సున్‌వా జవాబివ్వలేదు. మిషనుకు బూడిదరంగు దారం ఎక్కించింది.
రెండొందల పన్నెండు వరసలు నడిపించి
అక్కడే కుట్లు ముగించింది.
ఆ అంచు కాస్త వంకర.

సాయంత్రం ఫ్లాపీ బయటికి తీశాం.
కంప్యూటరుకు ఈ పగలంతా ఒక్క ముక్క గుర్తు లేదు.
మళ్ళీ అడిగింది, సిస్టమ్ ఏదని.
సున్‌వా లేబులు మీద ఖాళీ అన్నది కొట్టేసి,
పారేయొద్దు కింద
ఇంకో గీత గీసింది.