శీల

ఒడ్డుకి చేరాక మా నాన్న
ఇంజను పంకా శీల ఊడబీకి
తువ్వాలు కొంగున ముడేసి
ఇంటికి తెచ్చేవాడు.
బియ్యం డబ్బాలో దాచేవాడు.
శీల లేని పడవ
ఎవడెత్తుకుపోతే ఏటి, వట్టి కర్ర.

ఇప్పుడు పెదజాలరిపేటలో దీపం లేదు.
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌసు
కళ్ళు మూసుకుని ఇది నాలుగో రాత్రి.
బీచ్ రోడ్డులో పిడతకింద పప్పు బండి
చక్రాలు పైకెత్తి పడుంది.

రాంబిల్లి దగ్గర మా ఫ్యాక్టరీకి కిటికీలు లేవు,
అంచేత లోపల ఇంకా పసుప్పచ్చటి వెలుతురే,
పెళ్ళికూతుర్ని చేసిన ఇంట్లోలా.
తెల్లటి ముసుగుల్లో కళ్ళు మాత్రమే మిగిలిన
పన్నెండు మందిమి,
వెంట్రుకలో వెయ్యోవంతు కన్నా సన్నగా
గీతలు గీసే యంత్రం ముందు.

పట్నాయక్ గారు కాగితం చదవలేదు, మడిచి జేబులో పెట్టేశారు.
"వాళ్ళు మన మీద బాంబు వెయ్యరు.
అదే భయం.
గోడ బీటపడకుండా, ఫిల్టరు మీద దుమ్ము వాలకుండా
కొత్తల్లుడిలా నడిచొచ్చి కూర్చోవాలనుంది వాళ్ళకి."

తయారీ గుట్టుని మూడు ముక్కలు చేశారు.
ఒకటి ఫణీంద్ర తలలో పాడేరు ఘాటీ ఎక్కింది.
ఒకటి జుబేదా చంటిబిడ్డతో పాటు
రాయపూర్ రైలెక్కించింది.
లోపలి అద్దాన్ని నిలబెట్టే
బొటనవేలంత ముక్క నాకిచ్చారు.
సంతకం అడగలేదు.

మూడు సైరన్లు మోగినప్పుడు
ట్రేలో ఇరవై ఐదు పళ్ళేలు.
అరవై పొరల్లో నలభై ఒకటి అయ్యాయి.
వల సగం పైకొచ్చాక
తాడు కొయ్యమన్నట్టు.
కోశాను.
చేతులు వణకలేదని అబద్ధం చెప్పను.
వణుకు ఆ గదిలో నేరం,
నేలకింద స్తంభాలు విడిగా పాతింది అందుకే.

బయటికొచ్చే ముందు ఎందుకో
గ్లవ్ తీసి యంత్రం వంటి మీద చెయ్యి వేశాను,
ఆరేళ్ళలో మొదటిసారి.
చల్లగా ఉంది.
నా వేలిముద్ర దానిమీదే ఉండిపోయింది,
వాళ్ళనే తుడుచుకోనీ.

తెల్లారకముందే అమ్మ
కిటికీకి దుప్పటి కట్టి, కొవ్వొత్తి వెలుగులో
బియ్యం తీస్తూ ఆగింది.
"ఏ పడవదే, గుంటా?"
నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. చెప్పలేదు.
చాలాసేపు దాన్ని అరచేతిలో తూచింది.
సముద్రం మీద ఎక్కడో ఉరిమింది,
లేదా ఉరుము కాదు.
పొడి గుడ్డలో చుట్టి, మళ్ళీ బియ్యం కప్పి అంది:
"తడి సెయ్యెట్టకు. తుప్పట్టిపోతాది."
"పెట్టనులే" అన్నాను.