కిటికీ గట్టు మీద మూడు రికార్డర్లు

ఆమె కొట్లోకి వచ్చినప్పుడు
ఉలాన్‌బాతర్‌లో మైనస్ ముప్పై ఒకటి.
తలుపు మూసేలోపే
నా కళ్లజోడు తెల్లబడిపోయింది.
మసకలోంచి ముందు ఒంటె ఉన్ని వాసన,
తర్వాత గొంతు:
"పాట పట్టే పెట్టె కావాలి.
పట్టిందాన్ని తిరిగి వినిపించాలి. రెండూ చెయ్యాలి."

పదకొండేళ్ల నుంచి ఇదే కొట్లో ఉన్నాను.
బాగా వినేదానికి నోరు పెగలదు,
బాగా పలికేదానికి చెవులు మందం.
మనుషులూ అంతేనని
మా యజమాని ఒచిర్ రోజుకోసారి అంటాడు,
రోజుకోసారి నేను నవ్వాలి.

అద్దాల బీరువా తీసి మొదలెట్టాను.
ఇరవై నాలుగు బిట్లు, తొంభై ఆరు వేల హెర్ట్జ్,
మేకపిల్ల కొమ్ముల్లా పైకి లేచిన రెండు మైకులు,
గాలి హోరుని దానంతటదే కోసేసే ఏర్పాటు.
"గాలినా? ఎందుకూ కొయ్యడం?" అంది,
నేనేదో పాపం చెప్పినట్టు.

చేతి తొడుగు తియ్యకుండానే
ఒక్కోదాన్నీ నొక్కి చూసింది.
వెండి రంగుదాని మీద
ఒక్క బొటనవేలు మూడు మీటల మీద పడింది.
తాకితే వెలిగే తెర ఉన్నదాన్ని తట్టింది, కదల్లేదు.
"దీనికి నేను నచ్చలేదు."
నొక్కగానే కీచుమన్నదాన్ని మాత్రం
బల్ల చివరికి తోసేసింది.
"ఇలా అరిస్తే ఒంటె బెదిరిపోదూ?"

ఒంటె ఎక్కణ్ణించి వచ్చిందని అడిగాను.

పేరు దులంసురేన్.
దలంజద్‌గద్ దాటాక ఇంకో రోజు దారి.
మార్చిలో ఈతలు.
తొలిచూలు ఒంటె ఒక్కోసారి
పిల్ల మొహం చూడదు, పొదుగు తాకనివ్వదు,
దగ్గరికొస్తే కాలితో తంతుంది.
అప్పుడు పక్కన కూచుని పాడాలి,
హూస్, హూస్, హూస్...
అర్థమంటూ ఏమీ లేదు, ఆపకూడదు, అంతే.
ఒంటె కళ్లు చెమ్మగిల్లి పిల్లని రానిచ్చేదాకా.
ఈ మార్చిలో తాను ఇక్కడ ఆస్పత్రిలో ఉంటుందట,
తుంటి మారుస్తారట.

"మరి చలికి ఆగేది ఏది?"

అట్టపెట్టెల మీద రాసిన లెక్కలేవీ
మైనస్ పది దాటవు.
కిటికీ తెరిచి మూడింటినీ
రికార్డింగులో పెట్టి గట్టు మీద వరసగా నిలబెట్టాను.
ఒచిర్ ఉప్పుటీ పోశాడు.
సంచిలోంచి గట్టి పెరుగుబిళ్లలు తీసి ఆమె పంచింది.
నా పన్ను ఓడిపోయింది. అందరం నవ్వాం.

గంటకి తీసి చూస్తే
ఖరీదైన రెండూ కళ్లు తేలేశాయి.
బతికుంది మూడోది,
పెన్సిల్ బ్యాటరీలది, బూడిద రంగుది,
రెండేళ్లుగా ఎవరూ అడగనిది.
అందులో ట్రాలీబస్సు మూలుగు, పావురం గోళ్లు,
అద్దం అవతల మా నవ్వు.

"స్పీకరు మాత్రం నాసిరకం," ఒప్పుకున్నాను.
"ఒంటె చెవికి బాగా దగ్గర పెట్టాలి."

ఒచిర్ కూడా ఎన్నడూ చూడలేదు
నన్ను అలాంటి చూపు.
"ఒంటెకేమైనా పిచ్చా, పెట్టె పాడితే కరగడానికి?
ఇది గోంబొకి. నా మొగుడికి.
నలభై ఏళ్లు పక్కన పిల్లని పట్టుకుని నిలబడ్డాడు,
ఒక్క ముక్క పట్టుబడలేదు.
చెవుల్లో పెట్టుకుని నేర్చుకుంటాడు.
ఒంటె వాడి నోట వింటుంది."

నోరు మూసుకుని
ఇయర్‌ఫోన్ రంధ్రం చూపించాను.
శ్రుతి చెడకుండా నెమ్మదించే మీట చూపించాను,
నచ్చిన ముక్క దగ్గరే తిప్పి తిప్పి పలికించే మీట కూడా.
దాని మీద ఆమె వేలు చాలాసేపు ఉంది.

అక్కడే, చార్జర్ తీగల మధ్య, పాడింది.
తెర మీద గీతలు సగం కూడా లేవలేదు.
అంత మెల్లగా.
ఫోను కవరు కోసం వచ్చిన కుర్రాడు
డబ్బులు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

గట్టు మీద పట్టిందాన్ని చెరిపెయ్యనా అంటే
"ఉండనీ, ట్రాలీబస్సు ఎలా మూలుగుతుందో వింటాడు" అంది.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది,
బేరమాడకుండా.

తలుపు దాకా వెళ్లి కుంటుకుంటూ వెనక్కొచ్చింది.
"ఇంకో నాలుగు జతల బ్యాటరీలు ఇవ్వు.
వాడు ఒక్క జతలో నేర్చుకునే రకం కాదు."