వేడెక్కితేనే దొరుకుతది

మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ నడినెత్తిన
మే నెల, పగటి మూడు గంటలకు
ఎల్లేశం కారు ఊపిరి ఇడిసింది.
దగ్గలేదు, తుమ్మలేదు.
మాట్లాడే మనిషి మాట నడుమ లేచిపోయినట్టు.
ఎనక హారన్లు.
ఎనక సీట్ల కూసున్నామె డయాలిసిస్‌కు పోవాలె,
తిట్టలేదు, దిగి ఆటో ఎక్కింది.

తాడుగట్టి పుత్లీబౌలి దాక గుంజుకొచ్చేసరికి
ఇంజను సల్లబడ్డది.
తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టు.
అప్పుడు జూడాలె ఎల్లేశం మొఖం,
డాక్టరు ముందట పన్నునొప్పి మాయమైనోని మొఖం.

అప్పటికే మూడు షెడ్లు తిరిగిండట.
ఒకడు పెట్రోలు పంపు మార్చిండు,
ఇంకొకడు రెండు కాయిల్స్.
పాతవి డిక్కీల తువ్వాలల మూటగట్టి ఉన్నయి.
"పారెయ్యబుద్ధి గాలే, కిస్తీ పైసలు గదా."

గౌసొద్దీన్ ఉస్తాద్ వాటిని
బేరమాడే వంకాయల్లెక్క తిప్పి జూసిండు.
మీటరు సూదులు నా చేతికిచ్చిండు.
లావు తీగ చుట్టల ముప్పావు ఓం.
సన్న తీగ చుట్టల తొమ్మిది వేలు.
ప్లగ్గు తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి, స్టార్టరు తిప్పిస్తే
రేకు నీడల నీలంగ టప్పుమన్నది.
"ఈటికేం రోగం లేదు బేటీ.
చెప్పు, నిప్పు ఎప్పుడు పుడతది?"

కరెంటు ఇచ్చినప్పుడన్న.

"ఇస్తె గాదు, ఆపితే.
పన్నెండు వోల్టులు పారినంత సేపు
అయస్కాంతం గుమ్మనంగ నిండుకుంటది, అంతే.
చటుక్కున కోసెయ్.
అది కూలుతుంటే సన్న తీగల
పాతిక వేలు లేస్తయి."
ఒకసారి ఆ పాతిక వేలు మోచేతి దాక తిన్నడాయన.
అందుకే ప్లగ్గును ఉత్తచేత్తో ముట్టనియ్యడు.

మరి ఎప్పుడు కోయాల్నో ఎవరు చెప్తరు?

కింద, గేరుబాక్సు పక్కన, మసిల,
బొటనవేలంత సెన్సరు.
దాని ముందట అరవై పండ్ల చక్రం,
ఉన్నయి యాభై ఎనిమిదే.
రెండు కావాల్నని తీసేసిన్రు.
పన్ను పన్నుకు ఒక అల పోతది,
ఖాళీ కాడ ఊకుంటది.
ఆ ఊకున్న కాడినుంచే కంప్యూటరు లెక్క మొదలు.
"నా లెక్క" అని నవ్విండు ఉస్తాద్.
ముందటి రెండు పండ్లు లేవాయనకు.
సగం పుత్లీబౌలి ఆయనను ఆ సందుతోనే గుర్తువడుతది.

సెన్సరు ఊడదీసి మీటరు పెట్టిన.
ఎనిమిది వందల డెబ్భై.
మంచిగనే ఉన్నదన్న.
"సల్లగున్నప్పుడు అందరు మంచోళ్లే."

మా వదిన పార్లరుకు ఉరికి
జుట్టారబెట్టే మిషను తెచ్చిన.
పెళ్లికూతురు తడి తలతోని కూసోనున్నది,
పది నిమిషాలని చెప్పిన.

తొమ్మిది వందలు.
తొమ్మిది వందల అరవై.
చాయ్ మీద మీగడ కడుతున్నది, ఎవ్వరు ముట్టలే.
వెయ్యిన్నెనభై.
వెయ్యిన్నూట నలభై.
అంకెలు లేవు.
తెర మీద ఉత్త గీతలు.
లోపల యాడనో వెంట్రుకంత తీగ
వేడికి సాగి చెయ్యి ఇడిసింది.

ఎల్లేశం సంబరపడలే.
రెండో షెడ్డోని పేరువెట్టి ఒక తిట్టు తిట్టిండు,
మళ్ల ఉస్తాద్ దిక్కు జూసి నాలిక కరుసుకున్నడు.

"ఇంకోసారి ఆగితే" అన్నడు ఉస్తాద్,
"తాళం తిప్పుకుంట ఆర్‌పీఎం ముల్లు జూడు.
సున్న కాడ పండుకుంటే
కాయిల్ మీద నింద వెయ్యకు."

మిషను తిరిగిస్తుంటే
గ్రీజు వాసన వస్తున్నదని పెళ్లికూతురు ముక్కు మూసుకున్నది.

ఆ పాత సెన్సరు నా డబ్బాల ఉన్నది.
అప్పుడప్పుడు మీటరు పెడత.
పొద్దుగాల ఎనిమిది వందల డెబ్భై,
తప్పకుంట.
పగటి మూడింటికి, రేకుల కింద,
దానికి ఏమీ యాదికి లేదు.